నాగరాణి కథగొంతు

నాగరాణి మోటబావి అడుగున నిలబడి శక్తికొద్దీ అరుస్తుంటే, పైనుంచి ఒక తాడు వచ్చి ఆమె నెత్తిమీద పడింది.

ఆ బావిలో నీళ్లు ఇంకిపోయి చాలా కాలమైంది. దిగడానికి మంచి రాతి మెట్లున్నాయి. తాడుతో ఎవరికీ ఏ పనీ లేదు. అయినా తాడు పడింది, దాని వెనకాలే ఒక మగగొంతు కూడా దిగింది.

"ఫికర్ చెయ్యకు. గట్టిగ పట్టుకో. ఊరోళ్లను పిలిచిన, వస్తున్నరు."

నాగరాణి తల పైకెత్తి చూసింది. కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా, కంగారు నిండిన మొహం. ఆ మొహం పక్కన నిచ్చెన పట్టుకున్న మనిషి ఒకడు, మంచం మోసుకొచ్చిన మనిషి ఒకడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుగానే ఏడుపు మొదలుపెట్టిన ఆడవాళ్లిద్దరు.

"నేను పడలే," అంది నాగరాణి.

"మరి దూకినవా?"

"మెట్లు దిగొచ్చిన."

"మరెందుకు గట్ల అరుస్తున్నవ్?"

"గొంతు పగలగొట్టుకుంటున్న."

పైన మంచం తెచ్చినాయన దాన్ని నేలమీద దించి, దానిమీదే కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. "మన బీరన్న బిడ్డ సార్. కథ నేర్సుకుంటాంది. అడిగితే నేనే చెప్పకపోదునా? మంచం మోపిస్తివి గద."

ఆ సార్‌కు ఊరు కొత్త కాబట్టి తెలియలేదు గానీ, బీరన్న ఒగ్గుకథ మేళం అంటే కల్వకుర్తి చుట్టుపక్కల పెద్ద పేరు. గొర్రెలు కాసే కురుమల దేవుడు బీరప్ప పండుగ వచ్చిందంటే, ఒగ్గు అనే చిన్న డమరుకం చేతపట్టి, నడుమ నిలబడి కథ నడిపేది ఆయనే. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా గొంతు ఆగకూడదు. అందుకే ఆ మేళంలో ఒక పద్ధతి ఉంది. కథ చెప్పబోయేవాళ్లు ఎండిన బావిలో దిగి రోజూ గొంతు పగిలేదాకా అరవాలి. పగిలింది మళ్లీ అతుక్కున్నప్పుడు వచ్చేదే కథగొంతు అని వాళ్ల నమ్మకం. బీరన్న అరిచాడు, బీరన్న తండ్రి అరిచాడు. ఆడపిల్ల అరవడం మాత్రం ఇదే మొదలు.

బీరన్నకు ఈ మధ్య ఆయాసం ఎక్కువైంది. ఉన్నది ఒక్కతే బిడ్డ. ఒగ్గు ఆయన అన్న కొడుకు దశరథ్‌కు పోవాలని కులపెద్దలు అన్నారు. నాగరాణి ఒప్పుకోలేదు. కథ మొత్తం తనకు నోటికి వచ్చునని వాదించింది, అన్నం మానేసింది, చివరికి తండ్రితో ఒక మాట అనిపించింది. ఈ పండుగకు ఆమె కథ నడపాలి. పొద్దుగూకేదాకా గొంతు నిలిస్తే ఒగ్గు ఆమెది. నడుమ పోతే దశరథ్‌ది, మళ్లీ అడగడానికి లేదు.

ఇన్ని సంగతులు తలమీద పెట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చిన పిల్ల ముందు నిలబడి, కళ్లజోడు మనిషి మంచి మాట చెప్పబోయాడు.

"గట్ల అరిస్తే గొంతు పగలది. లోపల వాస్తది. తర్వాత మొత్తానికే ఆగమైతది."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. గురుకులంల మ్యూజిక్ సార్‌ను. నా పేరు గిరి."

"అయితే గిరి సార్, పోయి పిల్లలకు సరిగమలు చెప్పుకో. ఆ తాడు గూడ తీస్కపో."

అతను తాడు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. మూల మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అతను తిరిగి చూసిన సంగతి నాగరాణికి ఎలా తెలిసిందని అడగకూడదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమె లేచి, "అమ్మా, చాయ్" అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

"పగిలింది," అని బీరన్న సంబరపడ్డాడు.

"ఇంట్ల జర నిమ్మలమైంది," అని తల్లి గోపమ్మ ఇంకా ఎక్కువ సంబరపడింది.

పగిలింది అతుక్కుంటుందని నాగరాణి ఎదురుచూసింది. అతుక్కోలేదు. మింగితే నొప్పి, నవ్వితే దగ్గు. చివరికి గోపమ్మే భయపడి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ సన్నటి కెమెరా పెట్టి చూసి, స్వరపేటిక బాగా వాచిందని చెప్పింది. వాపు తగ్గేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెరుపు చేస్తుంది. ఆ తర్వాత గొంతు ఎట్లా వాడాలో తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోకపోతే ఇదే మళ్లీ వస్తుంది.

తెలిసినవాళ్లు. బస్సులో ఇంటికి వచ్చేదాకా నాగరాణి ఆలోచించింది. ఎంత వెతికినా ఆ ఒక్క కళ్లజోడు తప్ప ఇంకెవరూ తట్టలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. పండుగకు నెలన్నర కూడా లేదు.

మర్నాడు సాయంత్రం ఆమె గురుకులం గేటు ముందు నిలబడింది. గిరి బయటికి వచ్చాడు.

"ఏంది, తాడు కావాల్నా?"

నాగరాణి నోరు తెరిచి, డాక్టరమ్మ గుర్తొచ్చి మూసుకుంది. కసిగా ఫోను తీసి టైపు చేసి అతని మొహం ముందు పెట్టింది. 'నవ్వినవంటే చూడు.'

"నవ్వుతలేను," అన్నాడతను నవ్వుతూ. ఆమె దవాఖాన చీటీ ఇచ్చింది. అది చదువుతుంటే అతని నవ్వు పోయింది. చీటీ మడిచిన తీరులో ఏదో బాధ కనిపించింది, ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

"ఖాయం బాగైతది," అన్నాడు. "కానీ నేను చెప్పినట్టు ఇనాలె. ఎదురుమాట్లాడొద్దు."

'ఎట్ల మాట్లాడుత?' అని టైపు చేసిందామె.

"గదే నాకు మంచిగ అనిపిస్తాంది."

గురుకులం గోడ పక్క బీడులోనే వాళ్ల గొర్రెల మంద మేసేది. బడి వదిలాక గిరి అక్కడికి వచ్చేవాడు. గోపమ్మ అల్లంత దూరంలో కూర్చుని, ఒక కన్ను మందమీద, ఒక కన్ను వాళ్లమీద వేసి ఉంచేది.

మొదటి పాఠం పాట కాదు, ఊపిరి. "ఊపిరి తీస్కుంటుంటే నీ భుజాలు లేస్తున్నయి. భుజాలకు ఏం పని లేదు. కడుపు, పక్కటెముకలు ఉబ్బాలె. ఎల్లెలకల పండుకొని కడుపుమీద ఒక బుక్కు పెట్టుకో. అది లేస్తే సరైన ఊపిరి."

బుక్కులు ఆమె దగ్గర లేవు. చంకలో పుట్టి వారం కాని గొర్రెపిల్ల ఉంది. నాగరాణి వెల్లకిలా పడుకుని దాన్ని కడుపుమీద పెట్టుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా గొర్రెపిల్ల పైకి లేచి, వదిలినప్పుడల్లా కిందికి దిగి, చివరికి హాయిగా నిద్రపోయింది. గిరి కళ్లజోడు తీసి తుడుచుకుని, "యూనివర్సిటీల మాకు గిది చెప్పలే," అన్నాడు.

వాపు కొంత దిగాక రెండో పాఠం స్ట్రా. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రాతో సన్నగా రాగం ఊదాలి, బుడగలు తెగకుండా రావాలి. గొంతుమీద బరువు పడకుండా స్వరం కదలడానికి అదొక ఉపాయం. వంటింట్లో ఆ బుడబుడ విని గోపమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"పిల్లకు గాలి సోకిందేమో జర చూడు," అని మొగుణ్ణి లేపింది.

'సారు చెప్పిండు,' అని నాగరాణి రాసి చూపించింది.

"సారుకు గూడ సోకినట్టుంది," అంది గోపమ్మ.

ఇంటి దగ్గర చెయ్యాల్సినవన్నీ గిరి వాయిస్ మెసేజిల్లో పంపేవాడు. నీళ్లు మాటిమాటికీ తాగు. గొంతు గీకి సకిలించకు. దవడ వదులుగా ఉంచు. ఇందులో ప్రేమ మాట ఒక్కటీ లేదు. దవడ గురించి అంత కమ్మగా చెప్పేవాడు ఇంకొకడు ఉండడని మాత్రం నాగరాణికి అనిపించింది. ఆ మెసేజి ఎన్నిసార్లు విన్నదో ఆమె ఫోనుకే తెలుసు.

మాట్లాడొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరూ గోడవారగా నిలబడ్డారు. ఇన్నాళ్లు దాచిన తిట్లన్నీ వరుసపెట్టి ఒప్పజెప్పాలని ఆమె ముందే అనుకుని వచ్చింది.

"మొదటి మాట మెల్లగ," అన్నాడతను. "జోరు చెయ్యకు. ఊపిరిమీద పెట్టి వదులు."

నాగరాణి ఊపిరి తీసుకుంది. భుజాలు లేవలేదు.

"గిరీ," అంది.

అది పగిలిన గొంతు కాదు. శుభ్రంగా, తడిగా వచ్చింది.

"సార్ ఏడికి పోయిండు?" అన్నాడతను.

"బడిల ఉండొచ్చు," అందామె, వానకేసి చూస్తూ.

మాట వచ్చింది గానీ కథ రాలేదు. బీరప్ప కథ ఎత్తుకోగానే ఆమె మెడ నరాలు తేలేవి, గడ్డం ముందుకు పొడుచుకొచ్చేది, బావిలో అరిచిన అరుపే బయటికి వచ్చేది. వదులు, వదులు అని గిరి మొత్తుకునేవాడు. "కథంటే జోరు గావాలె, వదిలితే ఏముంటది?" అని ఆమె కసురుకునేది. పండుగ దగ్గర పడుతున్న కొద్దీ ఇద్దరికీ చిరాకు పెరిగింది.

ఒక సాయంత్రం వాళ్లు అలా కీచులాడుకుంటుండగా మందలో ఒక పొట్టేలు విడిపోయి శ్రీశైలం రోడ్డుకేసి పరుగెత్తింది. దూరంగా లారీ వస్తోంది. నాగరాణి ఆలోచించలేదు. నిలబడ్డచోటి నుంచే పిలిచింది.

"ఓ... హోయ్..."

పిలుపు బీడంతా దాటిపోయింది. పొట్టేలు ఆగింది, చెవులు ఆడించింది, చల్లగా వెనక్కి తిరిగింది. లారీ వెళ్లిపోయింది.

గిరి ఆమెను అదోలా చూశాడు. "గిప్పుడు గొంతు నొచ్చిందా?"

"ఎందుకు నొస్తది? చిన్నప్పటి సంది పిలుస్తున్న."

"మెడ పట్టిందా? గడ్డం గుంజిందా?"

"లేదు."

"గదే నాగరాణి. గదే. నేను ఇన్నొద్దులు నెత్తిన నోరు పెట్టుకొని చెప్పింది గదే. జోరు గొంతులకెల్లి రాలే. ఊపిరికెల్లి వచ్చింది, నోరు తెరుసుకుంది, మొకంల మోగింది. కథను గూడ గట్ల పిలువు."

నాగరాణి నవ్వబోయి ఆగింది. కళ్లు మూసుకుని, పొట్టేలును పిలిచినట్టే కథలోని మొదటి మాటను పిలిచింది. అది బీడు దాటింది. అల్లంత దూరంలో గోపమ్మ తాళ్లు పేనడం ఆపి లేచి నిలబడింది. నాగరాణి ఆ సాయంత్రం చీకటి పడేదాకా పాడింది, ఎక్కడా నొప్పి లేదు. ఆనందం పట్టలేక గిరి చెయ్యి పట్టుకుంది, తల్లి చూస్తోందని గుర్తొచ్చి వదిలేసింది.

ఊళ్లో కబురు దాగుతుందా? దశరథ్ పోయి బాబాయి చెవిలో వేశాడు. "నాగరాణి సారు కాడ సినిమా పద్ధతి నేర్సుకుంటాంది కాకా. బావిలకు పోతలేదు."

బీరన్న కర్ర పట్టుకుని గురుకులం గేటు దగ్గరికి వచ్చాడు. వెనకాలే నాగరాణి పరుగెత్తుకొచ్చింది.

"మా కథను సరిగమ చేస్తున్నవంట?" అన్నాడు బీరన్న.

"గట్లేం లేదు మామా," అన్నాడు గిరి.

"ఎవలికిరా మామ?" బీరన్న కర్ర నేలకు తాటించాడు. పిల్లనిచ్చే వరస పెట్టి పిలిచాడని గిరికి ఆలస్యంగా తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"మేమూ మీ కులపోళ్లమే. మాది రామన్నపేట దిక్కు. మా బాపు పేరు పరశురాములు."

బీరన్న మొహం మారింది. "ఒగ్గు పరశురాములా? చిన్నగున్నప్పుడు గాయన కథ ఇన్న. మైకు లేకుండ ఊరవతలికి ఇనబడేది. ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. గొంతు లేదు మామా. మీ లెక్కనే బావిల అరిచి, వాచినా ఆపకుండ పాడి, పోగొట్టుకున్నడు. గిప్పుడు ఇంట్లకెల్లి పిలిస్తే వాకిట్లకు ఇనబడది. గందుకే నేను గీ చదువు చదివిన."

బీరన్న కర్ర మీద కాసేపు బరువు ఆనించి, వచ్చిన దారినే పోయాడు. నాగరాణి మాత్రం అక్కడే నిలబడింది. ఆమెకు జాలి, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు భయపడుదువు. భయపడితే మెడ పడతది."

"ఇన్నొద్దులు నువ్వు చెప్పిందంతా నా గొంతు కోసమా, మీ బాపు గొంతు కోసమా?"

"బావి కాడ చెప్పింది బాపు కోసమే," అన్నాడతను నిజాయితీగా.

"తర్వాత?"

గిరి నోరు తెరిచాడు. లోపల పిల్లలు చూస్తున్నారు, వాచ్‌మన్ చూస్తున్నాడు. "పండుగైనంక చెప్త. గిప్పుడు చెప్తే నీ ఊపిరి ఆగమైతది."

"నా ఊపిరి సంగతి నేను చూసుకుంట తీ," అని ఆమె గిర్రున తిరిగి వెళ్లిపోయింది. పండుగ దాకా మందను ఇంకో బీడుకు తోలింది. వాయిస్ మెసేజి వస్తే వినలేదు. వినకుండా ఉండటానికి ఆమె పడ్డ కష్టం బావిలో కూడా పడలేదు.

పండుగనాడు గుడి ముందు పందిరి నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల కురుమలంతా వచ్చారు. నాగరాణి కాళ్లకు గజ్జెలు కట్టింది, తలకు పాగా చుట్టింది. కులపెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. "పగటేలకు ఊకుంటది, పొద్దుగూకేదాకా ఏడ నిలుస్తది," అని ఒకాయన పక్కనున్నాయనతో అనడం ఆమెకు వినబడింది.

పొద్దునంతా తేలిగ్గా సాగింది. అసలు చిక్కు అన్నాలు తిన్న తర్వాత వచ్చింది. మేళంలో డోలు కొట్టే దశరథ్ దానిమీద కసి తీర్చుకోవడం మొదలుపెట్టాడు. డోలు పెరిగితే గొంతు పెంచాలి. నాగరాణి పెంచింది. ఇంకా పెరిగింది. ఇంకా పెంచింది. మెడ పట్టేయడం ఆమెకు తెలుస్తోంది. ఒక చరణం చివర గొంతు జీర పోయింది. ముందు వరసలో తలలు ఊగాయి.

ఆమె జనంలోకి చూసింది. గిరి ఒక రాట పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను చెయ్యి ఊపలేదు, సైగ చెయ్యలేదు. మెల్లగా, నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాడు, అంతే. ఆమెకు తెలియకుండానే ఆమె కూడా తీసుకుంది. భుజాలు దిగాయి.

"దశరథ్," అన్న పిలుపు మేళం వెనకనుంచి వచ్చింది. తాళాలు వేస్తున్న బీరన్న వాటిని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "డోలు తగ్గియ్యి. కథ చెప్పేది నా బిడ్డ, నీ డోలు కాదు."

దశరథ్ తల దించుకుని డోలు తగ్గించాడు. బావిలో అరిచిన మనిషి, అరవమని కూతురిని బావిలోకి పంపిన మనిషి, నలుగురిలో ఆ మాట అన్నాడు. నాగరాణి, ఏడవడానికి ఇది సమయం కాదని తనను తానే కసురుకుని కథ ఎత్తుకుంది.

ఇక వెనక్కి చూడలేదు. నవ్వించాల్సిన చోట నవ్వించింది. అడవిలో తప్పిపోయిన తమ్ముణ్ణి అక్క పిలిచే ఘట్టం వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. బీరన్న సైతం ఏటా ఆ ఘట్టంలో ఆయాసపడేవాడు. నాగరాణి తల ఎత్తి పిలిచింది. ఆ పిలుపు పందిరి దాటింది, గుడి దాటింది, ఊరవతల కట్టేసిన గొర్రెలు దానికి బదులు పలికాయి. జనం గొల్లున నవ్వి, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. పొద్దుగూకింది. కథ ముగిసింది. గొంతు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

పగటేలకు ఊకుంటదన్న పెద్దాయనే లేచి ముందు చప్పట్లు కొట్టాడు. బీరన్న ఒగ్గు తెచ్చి కూతురి చేతిలో పెట్టి, నుదుట బండారి పసుపు పూశాడు. "నేను పగలగొట్టుకున్న, నువ్వు నిలబెట్టుకున్నవ్," అన్నాడు.

అప్పుడు జనంలోంచి ఒక పెద్దమనిషి ముందుకు వచ్చాడు. తెల్ల పంచె, భుజాన గొంగడి, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది గిరి. పరశురాములు అని చెప్పకుండానే తెలిసింది. ఆయన ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, మాట వినబడలేదు. బీరన్న చెవి ఒగ్గాడు, అయినా వినబడలేదు. ఆయన నాగరాణిని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు.

నాగరాణి మొహం పసుపు కింద ఎర్రబడింది.

"ఏమంటుండు?" అన్నాడు బీరన్న.

"ఏంలే బాపు."

"గంతసేపు చెప్పిండు, ఏంలే అంటవేంది? గాయన మాట మాకు గూడ ఇనబడాలె. చెప్పు."

నాగరాణి గిరి వైపు చూసింది. అతను చెమటలు తుడుచుకుంటున్నాడు. గేటు దగ్గర చెప్పకుండా ఆపిన మాటకు ఇన్నాళ్లూ కోపం పట్టింది. ఇప్పుడు ఆ మాట తన చేతిలోనే ఉంది. కులపెద్దలు మాట్లాడటానికి పెట్టిన మైకు దగ్గరికి ఆమె నడిచింది. గొంతు లేని ఆ పెద్దాయన మాటను గొంతెత్తి ఊరందరికీ వినిపించింది.

"మా కొడుకు గీ పిల్లను మనసుల పెట్టుకున్నడు. మీకు ఇష్టమైతే నా ఇంటికి కోడలిగ పంపుమని అడుగుతున్న. నా ఇంట్ల మళ్ల కథ ఇనబడాలె. గిట్ల అంటుండు బాపు."

గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బీరన్న గిరిని కిందినుంచి పైదాకా చూశాడు. "ఏం పిలగా, నువ్వేమంటవ్? నోరు లేదా?"

"ఉన్నది మామా," అన్నాడు గిరి. నాగరాణి వైపు తిరిగాడు. "బావి తర్వాత చెప్పిందంతా నీ కోసమే. నీకు పాట రాకున్నా చెప్పేటోణ్ణి."

ఈసారి ఆ మాట ఎవరూ ఆపలేదు. నాగరాణి మైకు పక్కకు జరపడం మరిచిపోయింది.

"నాకు గూడ ఇష్టమే," అంది తండ్రితో, ఊరంతా వింటుండగా.

బీరన్న పసుపు పళ్లెంలో చెయ్యి ముంచి గిరి నుదుట పూశాడు. పరశురాములు చేతులు పట్టుకుని, "మా పిల్ల మీ ఇంట్ల పాడుతది బావా," అన్నాడు. ముందుగా డోలు కొట్టింది దశరథే, ఈసారి కసి లేకుండా.